దనూతె నాలుగు నిమిషాలు

రెండు వందల మాటలు చాలంటారా? ఎంత మాటన్నారు సుధామయిగారూ! మన ఉగాది సంచికలో ఇన్సూరెన్సు ఏజెంటు ఫొటోకే ఒక పూర్తి పేజీ ఇస్తారు గదా. ఒక రచయిత, అందులోనూ నాటకకర్త, పైగా మన ఎడ్మంటన్‌లోనే జీవితమంతా సాహిత్యం బోధించిన ప్రొఫెసర్ కాలం చేస్తే, ఆయనకి అర పేజీయా?

లేదు లేదు, కోపం కాదు. మీరు సంపాదకులు, మీ ఇబ్బందులు మీకుంటాయి. అలా కూర్చోండి. కోటు ఆ కొక్కేనికి తగిలించండి. మీరు రాసుకుందురుగాని, నేను చెప్తాను. రాసేదెంతైనా, వినడమైతే పూర్తిగా వినాలి. ఏమంటారు?

ముందుగా ఒక్క సంగతి స్పష్టం చేయాలి. నేను చెప్పబోయేదాంట్లో సగం నా కళ్లతో చూసింది. తక్కిన సగం మా రంగనాథ్ చెప్పగా విన్నది. రంగనాథ్ మీకు తెలుసుగా? జియాలజిస్టుగా రిటైరయ్యాడు. మన తెలుగు అసోసియేషన్ నాటకాలన్నిటికీ తెర పక్కన నిలబడి ప్రాంప్టింగ్ చెప్పింది అతనే. అతని గొంతు స్టేజీ మీద నటుడికి వినబడుతుంది, మొదటి వరసలో కూర్చున్నవాడికి వినబడదు. అదొక విద్యండీ.

ప్రొఫెసర్‌గారిని రిహార్సల్స్‌కి కారులో తీసుకెళ్లేదీ, తిరిగి దింపేదీ ఈ రంగనాథే. కారులో ఆయన ఏమన్నారో మర్నాడు పొద్దున్న మాల్‌లో నడుస్తూ నాకు చెప్పేవాడు. చలికాలం మన ఊళ్లో ముసలివాళ్లు ఇంకెక్కడ నడుస్తారు? షాపులు తెరవకముందు ఆ ఖాళీ వరండాల్లో మా ఇద్దరి నడక. రంగనాథ్ అబద్ధం ఆడడు. కాకపోతే చెప్పేటప్పుడు కొంచెం అభినయిస్తాడు. ఆ మేరకు మీరు తగ్గించుకోవచ్చు.

ప్రొఫెసర్‌గారి పేరు కజీస్ రుద్గల్విస్. లిథువేనియా దేశస్థులు. నెమునాస్ అనే నది ఒడ్డున పుట్టారు. యుద్ధం చివరి రోజుల్లో రష్యా సైన్యం మళ్లీ వస్తోందని తెలిసి ఊళ్లకు ఊళ్లు పడమటి దిక్కుకి కదిలిపోయాయట. ఈయనకి అప్పుడు ఎనిమిదేళ్లు. తల్లి చెయ్యి పట్టుకుని రేవు దగ్గరికి వచ్చారు. రేవు నిండా జనం. పడవ అవతలి ఒడ్డున ఉంది, పడవవాడు లేడు. పొద్దు వాలేదాకా అక్కడే నిలబడ్డారు అందరూ.

అంతే. ఆ ఒక్క సాయంత్రమే ఆయనకి జీవితాంతం రాసుకోవడానికి సరిపోయింది.

తర్వాత జర్మనీలో శరణార్థుల శిబిరం, అక్కణ్నుంచి ఓడ, ఓడ దిగాక దక్షిణ ఆల్బెర్టాలో షుగర్‌బీట్ పొలాలు. తల్లి నడుం వంచి దుంపలు పీకుతుంటే ఈ పిల్లవాడు గట్టు మీద కూర్చుని ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఎంత బాగా నేర్చుకున్నాడంటే, పెద్దయ్యాక ఇంగ్లీషువాళ్ల పిల్లలకే వాళ్ల సాహిత్యం పాఠం చెప్పే ప్రొఫెసర్ అయ్యాడు.

కాని రాసింది మాత్రం సొంత భాషలోనే. కథలు, నాటకాలు. సొంత దేశంలో సోవియట్లు అచ్చు వేయనివ్వరు. ఇక్కడ చదివే దిక్కు లేదు. ఒకసారి రంగనాథ్ ఉండబట్టలేక అడిగాడట, “ఇంగ్లీషులో రాసి ఉంటే ఎంత పేరొచ్చేది సార్!” అని. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఇంగ్లీషులో నేను చాలా అందంగా అబద్ధం చెప్పగలను రంగా. అదే భయం” అన్నారట.

విన్నారా ఆ మాట! అది వేయండి మీ సంచికలో.

సరే, నాటకం సంగతికి వస్తాను. ‘రేవు’ అనుకోండి దాని పేరు, మన భాషలో. పదకొండు పాత్రలు. రేవులో ఒక బెంచీ. ఆ బెంచీ చుట్టూ పదకొండుమంది పడవ కోసం ఎదురుచూస్తుంటారు. మిల్లు నడిపేవాడు, చర్చిలో గంట కొట్టేవాడు, మంత్రసాని, ఇద్దరు అన్నదమ్ములు, ఇలా. పడవ రాదు. అదే కథ.

ఆ పదకొండు పాత్రలూ ఈ ఊళ్లో ఉన్న పదకొండుమంది లిథువేనియన్లని దృష్టిలో పెట్టుకుని, ఎవరి ఒంటికి వారి చొక్కా కుట్టినట్టు రాశారాయన. మిల్లువాడి వేషం ఒక డెంటిస్టుది. గంట కొట్టేవాడు రైల్వేలో వెల్డరు. మంత్రసాని ఎమీలియా అని, స్కూల్లో వంటమనిషిగా పనిచేసేది. ఇక పడవవాడి భార్య వేషం ప్రొఫెసర్‌గారి భార్యది. దనూతె ఆవిడ పేరు.

ప్రతి నవంబరులో, వాళ్లు పోయినవాళ్ల సమాధుల మీద దీపాలు పెట్టుకునే రోజులుంటాయి చూడండి, ఆ వారంలో ఒక ఆదివారం వేసేవారు. చర్చి కింద బేస్‌మెంట్ హాలు. మన నాటకాలూ ఆ హాల్లోనేగా! సామాన్ల గది ఒకటే. వాళ్ల రేవు బెంచీ మీద మన శకుంతలగారి పట్టుచీర పరిచి కౌరవసభలో సింహాసనం చేశామండీ చాలా ఏళ్లు. రంగనాథ్ భార్య శకుంతలగారే. దుర్యోధనుడు కూర్చున్నప్పుడల్లా కిర్రుమనేది.

నేను మొదటిసారి ఆ నాటకానికి వెళ్లింది మన తెర తెచ్చుకోవడానికి. తలుపు దగ్గర ఆయన పట్టుకున్నారు. “కూర్చోండి.” “నాకు ఒక్క మాట కూడా అర్థం కాదండీ.” “నా స్టూడెంట్లకీ అంతే, వాళ్లూ కూర్చుంటారు.” కూర్చున్నాం, నేనూ దమయంతీ. పడవవాడి భార్య ఒక్కతే బెంచీ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడే ఘట్టం ఒకటుంది. నాలుగు నిమిషాలు. మా ఆవిడ నా చెయ్యి నొక్కి, “ఏం చెప్తోందో గాని, నిజమే చెప్తోందండీ” అంది.

అప్పట్నుంచి ఏటా వెళ్లాం.

ఇప్పుడు అసలు సంగతి. ఒక ఏడు డెంటిస్టు పోయాడు. మిల్లువాడి వేషం ఎవరు వేయాలి? ఒక కుర్రవాడు, ఎలక్ట్రీషియను, ఉత్సాహంగా ముందుకొచ్చాడు. ప్రొఫెసర్‌గారు ఏమన్నారో తెలుసా? “ఆ వేషం ఖాళీగా లేదు.”

వాళ్ల కమిటీ తెల్లబోయింది. కమిటీలు ఎక్కడైనా కమిటీలే గదండీ! “మనిషి చనిపోయాడు కజీస్!” అన్నారు. “చనిపోయాడు. మానేయలేదు గదా” అన్నారాయన.

వాళ్లకొక ఆచారం ఉంది. క్రిస్మస్ ముందు రాత్రి మాంసం లేని భోజనం చేస్తారు. చేప తప్పిస్తే తక్కినదంతా మనకి పనికొచ్చేదే. ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, బల్ల మీద వాళ్లకీ ఒక ప్లేటు పెడతారు. కుర్చీ వేస్తారు. పక్కన చిన్న దీపం. ఎవరూ ఆ కుర్చీలో కూర్చోరు.

మన తద్దినంలాగా అంటారా? నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాదండీ. మనం పిలుస్తాం, పెడతాం, నమస్కారం చేసి పంపించేస్తాం. పంపించడం ముఖ్యం మనకి. వాళ్లు కూర్చోబెట్టుకుంటారు.

ఆయన ఆ బల్లనే తీసుకొచ్చి స్టేజీ మీద పెట్టారనుకోండి. మిల్లువాడి చోటు బెంచీ మీద అలాగే వదిలేశారు. అతని మాట వచ్చిన చోట తక్కినవాళ్లంతా ఆ ఖాళీ వైపు తిరిగి, ఆ మాట ఎంతసేపు పడుతుందో అంతసేపూ విని, అప్పుడు జవాబు చెప్పాలి. నవ్వాల్సిన చోట నవ్వాలి. కసురుకోవాల్సిన చోట కసురుకోవాలి.

మొదటి ఏడు హాలంతా ఏడ్చింది. ముందు వరసలో ముసలివాళ్లకి ఆ మాటలు కంఠతా వచ్చు. పెదాలు కదిపారు.

కాని సుధామయిగారూ, మనుషులు ఒక్కరితో ఆగరు కదా! వెల్డరు పోయాడు. అన్నదమ్ముల్లో పెద్దాయన పోయాడు, తర్వాత చిన్నాయన. ఏటికేడాది స్టేజీ మీద మాటలు తగ్గుతున్నాయి, మౌనాలు పెరుగుతున్నాయి. ముందు వరసలో పెదాలు కదిపేవాళ్లూ తగ్గిపోయారు. వాళ్ల మనవలు కాసేపు కూర్చుని ఫోన్లు తీసుకునేవారు. తప్పేముంది? వాళ్లకి వినబడేదేమిటని!

ఇంతలో వాళ్ల దేశానికి స్వాతంత్ర్యం వచ్చి చాలాకాలమైంది. ఆ మధ్య ఒకసారి విల్నియస్‌లో ఒక నాటకశాలవాళ్లు రమ్మన్నారు. ఎంతో సంబరంగా వెళ్లారాయన. డైరెక్టరు చాలా మర్యాదస్థుడట. “మీ భాష మా అమ్మమ్మ మాట్లాడినట్టుంది ప్రొఫెసర్. పాత్రలు ఆరుకి తగ్గిద్దామా?” అన్నాడట. స్క్రిప్టు సంచిలో పెట్టుకుని తిరిగి వచ్చేశారు. “నావాళ్లని దేవుడు తగ్గిస్తున్నాడు, చాలు. వీడెవడు?” అన్నారట.

ఆ తర్వాత దనూతెగారు పోయారు. క్యాన్సరు.

ఆ నవంబరు నాటకం ఆపేస్తారనుకున్నాం. ఆపలేదు. పడవవాడి భార్య మాట్లాడే ఘట్టం వచ్చింది. మంత్రసాని ఎమీలియా వచ్చి బెంచీ చివర కూర్చుంది, పక్కన చోటు వదిలి. ఇక మౌనం. పూర్తి నాలుగు నిమిషాలు. హీటరు మోత, పైన చర్చిలో ఎవరివో అడుగులు, అంతే. ప్రొఫెసర్‌గారు తెర పక్కన స్టూలు మీద కళ్లు మూసుకుని కూర్చున్నారు.

రంగనాథ్‌తో తర్వాత ఒకసారి చెప్పారట. ఏడాదంతా ఇంట్లో ఆవిడ ఫొటో ఉంది, బట్టలున్నాయి, వంటింట్లో ఆవిడ చేతిరాత ఉంది. కాని గొంతు మాత్రం ఆ నాలుగు నిమిషాల్లోనే వినబడేదట. ఒక్క అక్షరం పోకుండా, ఊపిరి తీసుకునే చోటుతో సహా. “దాని కోసమే ఈ ప్రదర్శన బతికిస్తున్నాను రంగా. కళ కోసం అని కమిటీకి చెప్తాను.”

ఎనభై దాటిన మనిషి. మోకాలి లోతు మంచులో హాలు అద్దె మాట్లాడటానికి వెళ్లేవారు. ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా మీకు!

చివరికి మిగిలింది ఎమీలియా ఒక్కతే. తొంభైకి దగ్గర పడింది. మతిమరుపు మొదలైంది. వాళ్ల ప్రాంప్టరు చూపు పోయి ఇల్లు కదలడం లేదు. లిథువేనియన్ చదవగలిగి, గంటసేపు నిలబడగలిగినవాడు ఊరు మొత్తానికి దొరకలేదు. అప్పుడు ఆయనకి మా రంగనాథ్ గుర్తొచ్చాడు.

“నాకు మీ భాష రాదు సార్!” “అదే నీ అర్హత. భాష వచ్చినవాడు నా వాక్యాలు బాగుచేస్తాడు.”

ఆయన వంటింట్లో కూర్చుని మాట మాటా పలికితే, రంగనాథ్ తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. మన అక్షరాలకి లొంగని ధ్వని ఏముందండీ! ఆయన వెనక్కి చదివించుకుని విని, “నా మనవడికంటే నువ్వే నయం” అని ముచ్చటపడ్డారట. బతికున్న ఎమీలియా మాటలే కాక, పోయినవాళ్లందరి మాటలూ రాయించారు. ఎందుకంటే, మౌనం ఎంతసేపుండాలో ప్రాంప్టరు మనసులో చదువుకుని కొలవాలి. చదువుకోవడం వరకే. పైకి అనకూడదు. మరీ మరీ చెప్పారు.

చెప్పారండీ. రంగనాథ్ కూడా ఒప్పుకుంటాడు, చెప్పారని.

ఆ రోజు నేను మూడో వరసలో ఉన్నాను. హాల్లో గట్టిగా ముప్పైమంది లేరు. అన్నీ సవ్యంగా జరిగాయి. డెంటిస్టు మాట, వెల్డరు మాట, చిన్న చిన్న మౌనాలు, ఎమీలియా తడబడిన చోట రంగనాథ్ అందించాడు, ఆవిడ అందుకుంది. తర్వాత ఆ ఘట్టం వచ్చింది. ఆవిడ బెంచీ చివర కూర్చుంది. మౌనం మొదలైంది.

కాసేపటికి ఎమీలియా తల తిప్పి తెర వైపు చూసింది.

ఆ చూపు ప్రాంప్టర్లకే తెలుస్తుందట. మాట పోయిన నటుడి చూపు. రంగనాథ్‌ది వాల్తేరు కాలేజీ నాటకాల నాటి అలవాటు. స్టేజీ మీద మాట ఆగితే అతని గుండె ఆగుతుంది. నటుడు అలా చూస్తే నోరు దానంతట అదే కదులుతుంది. చేతిలో పేజీ ఉంది. ఏ మాట మీద వేలుందో ఆ మాట అందించేశాడు.

ఎమీలియా అందుకుంది. పైకి అంది. గట్టిగా అంది.

మూడో ముక్క అందించాక గాని అతనికి తట్టలేదు, తను చదువుతున్నది ఎవరి పేజీయో. అప్పుడేం చేయాలి, మీరే చెప్పండి? ఆపేస్తే, తొంభై ఏళ్ల మనిషి నడి వాక్యంలో స్టేజీ మీద నోరు తెరుచుకుని మిగిలిపోతుంది. ఆపకపోతే? ఆపలేదు. చెమటలు కక్కుతూ ముక్క ముక్కగా నాలుగు నిమిషాలూ అందించాడు. దనూతె మాటలు, పదకొండేళ్ల తర్వాత, ఆ హాల్లో మళ్లీ వినబడ్డాయి. ఎమీలియా గొంతులో.

వెనక వరసలో ఒక ముసలాయన లేచి నిలబడి టోపీ తీశాడు. ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. చప్పట్లు ఎప్పుడూ లేనంతగా మోగాయి. నేను కొట్టలేదు. చేతులు రాలేదు.

తెర పడ్డాక రంగనాథ్ ఎమీలియా దగ్గరికి పరుగెత్తాడట, “అమ్మా, ఎందుకు చూశారు నా వైపు?” అని. ఆవిడ కండువా కట్టుకుంటూ ఏమందో వినండి. “చూస్తే అందిస్తావని. అందుకేగా నువ్వున్నది? ఆ గట్టి బెంచీ మీద చచ్చినావిడ మాటలు వింటున్నట్టు మొహం పెట్టి కూర్చోవడం తేలికనుకున్నావా? మోకాళ్లు సలుపుతాయి. మాట్లాడుతుంటే మోకాళ్లు గుర్తురావు. ఇన్నేళ్లలో ఒక్కడైనా అడిగాడా, ఎమీలియా, నీకేమైనా చెప్పాలనుందా అని? ఇది రేవు కాదు బాబూ, బస్టాపు!”

నవ్వండి, పర్వాలేదు. ఆవిడ మాటలకి నవ్వు రాకపోతే ఎలా!

ప్రొఫెసర్‌గారు వచ్చారు. రంగనాథ్‌కి షేక్‌హ్యాండ్ ఇచ్చారు, ఎమీలియాని కౌగిలించుకున్నారు, కోటు వేసుకున్నారు. కారు యెల్లోహెడ్ రోడ్డు ఎక్కింది. రంగనాథే మొదలుపెట్టాడట. “సార్, నా వల్ల ఘోరం జరిగింది.”

“విన్నావా ఆ మాటలు?”

“విన్నాను సార్. అర్థం కాదు కదా.”

“అదృష్టవంతుడివి. చాలా చెత్త రచన రంగా. నదికి మూడు ఉపమానాలు. పక్కపక్కనే! నా స్టూడెంటు రాస్తే బీ మైనస్ ఇచ్చి, రెండు మాటలు అనేవాణ్ని కూడా. నలభై ఏళ్లు అది నా గొప్ప రచన అనుకున్నాను. కాదు. దనూతె గొప్పగా చెప్పింది, అంతే. మాటలు వట్టి తాడు. నీళ్లు తోడింది ఆవిడ.”

 రంగనాథ్ సిగ్నల్ దగ్గర కారు ఆపాడు. అప్పుడు ఆయన చాలా మామూలుగా, సిగ్నల్ మారిందని చెప్పినట్టు చెప్పారట. “ఇందాకట్నుంచీ ప్రయత్నిస్తున్నాను. దనూతె గొంతు రావడం లేదు. ఎమీలియా గొంతే వస్తోంది. వెనక చిన్నగా నీ గొంతు.”

ఏం చెప్పమంటారు!

పాపం రంగనాథ్ వారం రోజులు అన్నం తినలేదు. తద్దినం మధ్యలో విస్తరి లాగేసినవాడిలా తిరిగాడు. శకుంతలగారు భయపడి నాకు ఫోన్ చేశారు, “మీరైనా చెప్పండి అన్నయ్యగారూ, ఆయన్ని తినమని.” నేను వెళ్లాను. చెప్పాను. ఏదో చెప్పాను.

ప్రొఫెసర్‌గారు ఏం చేశారో తెలుసా? ఎనభై ఆరేళ్ల వయసులో కొత్త కాగితాలు తీసి రాయడానికి కూర్చున్నారు. చలికాలమంతా రాశారు. రోజూ పొద్దున్న ఎమీలియాకి ఫోను. “ఇవాళ మోకాళ్లెలా ఉన్నాయి?” పరామర్శ అనుకునేరు! ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకునేవారట. ఆవిడ రంగనాథ్‌తో, “యాభై ఏళ్ల పరిచయం. ముసలాడు ఇప్పుడడుగుతున్నాడు నా ఒంట్లో ఎలా ఉందని. పోయే ముందు పశ్చాత్తాపం కాబోలు” అందట.

మరుసటి నవంబరులో ఆ ఘట్టం మారిపోయింది. మౌనం లేదు. ఎమీలియా బెంచీ మధ్యలో, సరిగ్గా మధ్యలో కూర్చుని, రాని పడవని తిట్టింది. మోకాళ్ల గురించి చెప్పింది, చలి గురించి, పక్కన కూర్చుని ఎప్పుడూ జవాబివ్వనివాళ్ల గురించి. నాకు రంగనాథ్ తర్వాత ప్రొఫెసర్‌గారిని అడిగి చెప్పాడు అర్థం. హాలు నవ్వింది! ‘రేవు’ నాటకానికి నవ్వడం! ఫోన్లు చూసుకునే మనవలు తలెత్తి, పక్కవాణ్ని అడిగి మరీ నవ్వారు.

తెర పక్కన ప్రొఫెసర్‌గారు రంగనాథ్ చెవిలో, “ఇప్పుడు పోయింది రంగా, దనూతె” అన్నారట. మొహంలో ఏడుపూ లేదు, నవ్వూ లేదు. చాలా దూరం నడిచొచ్చినవాడికి కుర్చీ దొరికినట్టుందన్నాడు రంగనాథ్. ఇది మటుకు అతని అభినయం కాదు. నమ్మాను.

ఆ క్రిస్మస్ ముందు రాత్రి భోజనానికి మమ్మల్ని పిలిచారు. రంగనాథ్, శకుంతలగారు, నేను. ఆయనతో కలిపి నలుగురం. నాలుగు ప్లేట్లు. మా లెక్కకి ఆ ఇంట్లో ఎప్పుడూ ఒకటి ఎక్కువుండేది, పోయిన ఏడాది మాత్రమే పెట్టాలన్న ఆచారంతో సంబంధం లేకుండా ఆయన దనూతెకి ఏటా పెడుతూనే వచ్చారు. ఆ రాత్రి లేదు.  బీట్‌రూట్ సూపు బాగుందన్నాం.

తర్వాత? తర్వాతేముందండీ, అందరూ ఎక్కడివాళ్లక్కడ సర్దుకున్నారు.

ప్రొఫెసర్‌గారు మొన్న ఫిబ్రవరిలో నిద్రలోనే పోయారు. దనూతె పక్కన సమాధి. కొడుకు ఓక్‌విల్ నుంచి వచ్చి పుస్తకాలు యూనివర్సిటీకి ఇచ్చి, ఇల్లు అమ్మకానికి పెట్టాడు. మంచివాడే. తండ్రి భాష చదవలేడు, అంతే. ఎమీలియా కేర్‌హోమ్‌లో ఉంది. ఇంగ్లీషు పూర్తిగా పోయింది ఆవిడకి. నర్సులతో లిథువేనియన్‌లో మాట్లాడుతుంది, వాళ్లు తలూపుతారు. చర్చివాళ్లు ఆ హాలు మూసేశారు. రంగనాథ్, శకుంతలగారు మిస్సిసాగాలో కూతురు దగ్గరికి వెళ్లిపోయారు. అక్కడి తెలుగువాళ్లు నాటకాలకి డైలాగులు ముందే రికార్డు చేసుకుంటారట. ప్రాంప్టరుతో పనిలేదు.

నేనా? నా సంగతి ఎందుకు సంచికలో!

రంగనాథ్ వెళ్లేటప్పుడు నేను ఎయిర్‌పోర్టుకి వెళ్లలేదు. జలుబన్నాను. వారానికోసారి ఫోన్ చేస్తాడు. ఒక్కోసారి ఎత్తను. ముప్పై ఏళ్ల స్నేహం మాది. రంగనాథ్ చేసిన పొరపాటు ప్రొఫెసర్‌గారే క్షమించారు గదా, అన్నయ్యగారికేమైందని శకుంతలగారు అడిగారు కూడా. జవాబు చెప్పలేదు.

మీకు చెప్తాను. రాయకండి.

దనూతెగారు పోయిన మూడో ఏడు నా దమయంతి పోయింది. ఆ నవంబరు ఒక్కణ్నే వెళ్లాను. ఆ నాలుగు నిమిషాలు వచ్చాయి. నాకు ఆ భాషలో ఒక్క ముక్క రాదు. దనూతె ఏం చెప్పిందో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. ఆ మౌనంలో నాకు వినబడింది మా ఆవిడ. పెద్ద మాటలేం కాదండీ. “ఈ చలికి కారు ఇంజన్ హీటరు ప్లగ్ చేశారా? రేపు స్టార్ట్ కాకపోతే నన్ను అనకండి.” “ఆ స్వెట్టరు ఉతకాలి, ఇలా ఇవ్వండి.” ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా కూర్చున్నా రాదు. అక్కడ వచ్చేది. నా ఊహ అని తెలుసు. అయినా ఏడాదంతా ఆ ఆదివారం కోసం చూసేవాణ్ని.

రంగనాథ్ అందించిన రోజున మధ్యలో ఆగిపోయింది. ఆవిడేదో చెప్పబోతోంది, ఎమీలియా గొంతు వచ్చి పడింది. మళ్లీ రాలేదు. తర్వాత ఏడాది హాలంతా నవ్వుతుంటే నేనూ నవ్వాను.

మాల్‌లో రోజూ రంగనాథ్ పక్కనే నడిచాను. ప్రొఫెసర్‌గారికి నష్టం చేశానని అతను కుమిలిపోతుంటే, ఊరుకోవయ్యా అని వీపు తట్టాను. నాకూ చేశావని అనలేదు. అంటే ఏమవుతుంది? అతనికి తెలియదు. ప్రొఫెసర్‌గారికీ తెలియదు. వాళ్ల నాటకంలో నేను టికెట్టు లేకుండా కూర్చున్నవాణ్ని.

ఆయన రచయిత. పోయినదాన్ని తీసి పక్కన పెట్టి, ఇంకొకటి రాసుకున్నారు. నాకు అది చేతకాదు సుధామయిగారూ. నేను వినడానికి మాత్రమే వెళ్లాను.